బాలింత తిరిగి బలం పుంజుకునేదెలా?

బిడ్డను కన్న తల్లికి విశ్రాంతి ఎంత అవసరమో, ఆ విశ్రాంతి ముగిసిన పిదప బలాన్ని క్రమంగా పెంచే వ్యాయామం కూడా అంతే అవసరం. ఆ వ్యాయామాన్ని ఎప్పుడు ఆరంభించాలి? ఎంతవరకు చేయవచ్చు? ఎక్కడ ఆగాలి? ఈ వ్యాసంలో ఈ విషయాలను వివరంగా తెలుసుకుందాం.

కొంతకాలం క్రితం నా వద్దకు ఒక యువతి వచ్చింది. వయస్సు 29 సంవత్సరాలు. బ్యాంకు ఉద్యోగి. ఒడిలో మూడు నెలల పసిబిడ్డ, వెంట అత్తగారు. వివాహానికి పూర్వం నుండే ఆమెకు వ్యాయామశాలకు వెళ్ళి బరువులు ఎత్తే అలవాటు ఉన్నది. గర్భం ధరించక ముందు 40 కిలోల బరువును భుజాలపై ఉంచుకొని గుంజీలు తీయగలిగేది. సహజ ప్రసవం జరిగింది. ప్రసవమైన ఎనిమిదవ వారంలో, అత్తగారు వారిస్తున్నా వినక, వ్యాయామశాలకు వెళ్ళి మునుపటి 40 కిలోలనే మరల ఎత్తింది. మూడవ రోజు నుండి తుమ్మినా, దగ్గినా మూత్రం చుక్కలుగా పడసాగింది. సాయంత్రమయ్యేసరికి క్రింది భాగంలో ఏదో బరువుగా దిగజారినట్లు అనిపించసాగింది. సిగ్గుచేత నెల రోజులపాటు ఎవరికీ చెప్పుకోలేదు.

"నేను చెబితే విన్నదా డాక్టరుగారూ! పచ్చి బాలింతవు, ఒళ్ళు జాగ్రత్త అమ్మాయీ అని నెత్తీ నోరూ మొత్తుకున్నాను" అన్నారు అత్తగారు. కోడలు తల వంచుకొని కూర్చున్నది.

కొంతసేపటికి బిడ్డకు పాలివ్వడానికి కోడలు ప్రక్క గదిలోకి వెళ్ళింది. అప్పుడు ఆ పెద్దావిడ గొంతు తగ్గించి, "నాకూ ఉందండీ ఆ జబ్బు. ముప్పై ఏళ్ళయింది. ఎవరికి చెప్పుకుంటాం?" అన్నారు. తొలికాన్పు అయిన 21వ రోజున పసుపు కుంకుమలతో నూతిని పూజించి, ఆమె చేత చేద వేయించారట. మరునాటి నుండి ఇంటికి కావలసిన నీళ్ళన్నీ ఆమే తోడి బిందెలతో మోసేవారు. బట్టలు, అంట్లు, పిండి రుబ్బడం అన్నీ ఆమెవే. పరీక్షించి చూస్తే ఆమె గర్భసంచి బాగా క్రిందికి జారి ఉన్నది.

కోడలు వ్యాయామం పేరుతో బరువు ఎత్తింది. అత్తగారు ఇంటి పని పేరుతో బరువు ఎత్తారు. ఇద్దరి శరీరాలకూ కలిగిన హాని ఒక్కటే. మన ఇళ్ళలో బాలింతను వ్యాయామం చేయనివ్వరు గాని, నెల తిరిగేసరికి నీళ్ళ బిందె ఎత్తనిస్తారు. సిద్ధం కాని శరీరం మీద హఠాత్తుగా పడిన బరువే దోషం చేసేది. అది ఇనుప కడ్డీ అయినా, ఇత్తడి బిందె అయినా శరీరానికి తేడా తెలియదు.

శాస్త్రం ఏమి చెప్పింది?

ఆయుర్వేదం బాలింతను "సూతిక" అని పిలిచింది. ప్రసవ వేదన, రక్తస్రావం వల్ల ఆమె ధాతువులు క్షీణించి, వాతం ప్రకోపించి ఉంటుందని ఆచార్యులు భావించారు. చరక సంహిత శారీరస్థానంలో, ప్రసవానంతరం స్త్రీ ఉదరానికి స్నేహద్రవ్యం పట్టించి, పెద్ద వస్త్రంతో చుట్టి కట్టాలని చెప్పబడింది. మన ఇళ్ళలోని నడికట్టుకు మూలం ఇదే. సూతిక క్రోధాన్ని, శరీర శ్రమను, దాంపత్య సుఖాన్ని విడిచిపెట్టాలని సుశ్రుతుడు హెచ్చరించాడు. ఈ కాలంలో చేసిన పొరపాట్ల వల్ల కలిగే వ్యాధులు కష్టసాధ్యమని కూడా అన్నాడు. వాగ్భటుడు అష్టాంగ హృదయంలో ఈ నియమాలకు నెలన్నర కాలాన్ని, అనగా సుమారు 45 దినాలను నిర్దేశించాడు. నేటి వైద్యులు ప్రసవానంతర పరీక్షకు 6 వారాల గడువు చెప్పడం గమనించదగినది.

ఇంతవరకు పెద్దలందరికీ తెలిసినదే. అయితే అదే శాస్త్రం వ్యాయామాన్ని దినచర్యలో భాగంగా విధించిన సంగతిని మనం మరచిపోతున్నాము. శరీరానికి తేలికదనం, పని చేసే సామర్థ్యం, జఠరాగ్నికి దీప్తి, కొవ్వు తగ్గుదల, అవయవాలకు గట్టిదనం వ్యాయామం వల్లనే కలుగుతాయని వాగ్భటుడు చెప్పాడు. బాలింతకు నెలన్నర తరువాత కావలసినవి సరిగ్గా ఇవే కదా!

వ్యాయామం ఎంత చేయాలి అన్నదానికి ఆచార్యులు ఒక చక్కని కొలత ఇచ్చారు. దాని పేరు "బలార్ధం". అనగా మనకున్న శక్తిలో సగం మాత్రమే వినియోగించాలి. ముక్కుతో ఆడుతున్న శ్వాస నోటితో ఆడసాగినప్పుడు, నుదుట, చంకలలో చెమట పట్టినప్పుడు, నోరు ఎండుతున్నప్పుడు సగం శక్తి ఖర్చయినదని గ్రహించి ఆపివేయాలి. ఈ కొలతలో ఒక సూక్ష్మం ఉన్నది. సగం అంటే నిరుటి శక్తిలో సగం అని అర్థం చేసుకోరాదు. ఈనాడు, ఈ పూట మనకున్న శక్తిలో సగం. పైన చెప్పిన యువతి చేసిన పొరపాటు ఇదే. గర్భానికి పూర్వపు కొలతతో ఆమె ప్రసవానంతర శరీరాన్ని కొలిచింది.

శరీరం లోపల జరిగే మార్పులు

ప్రసవమైన వెంటనే గర్భాశయం సుమారు ఒక కిలో బరువు ఉంటుంది. 6 వారాలలో అది కుంచించుకొని 100 గ్రాముల లోపుకు వస్తుంది. ఈ కాలంలో పొట్ట మీద తీవ్రమైన ఒత్తిడి కలిగించరాదు.

పొట్ట ముందు భాగంలో నిలువుగా రెండు కండర పట్టీలు ఉంటాయి. గర్భం పెరిగే కొద్దీ వాటి మధ్యనున్న పొర సాగి, అవి ఒకదానికొకటి దూరమవుతాయి. చాలామందిలో కొన్ని వారాలకు ఈ ఎడం తగ్గుతుంది. కొందరిలో అలాగే నిలిచి, పొట్ట ముందుకు ఉబికి, నడుము నొప్పికి దోహదం చేస్తుంది. దీనిని ఇంటి వద్దనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి, బొడ్డుకు కొంచెం పైన వ్రేళ్ళు ఆనించి, తలను మాత్రం స్వల్పంగా పైకి ఎత్తాలి. రెండు వ్రేళ్ళకు మించి పల్లం తగిలినా, మధ్యభాగం ఇంటి వెన్నుగాడి వలె నిటారుగా ఉబికినా వైద్యులకు చూపించాలి.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, కటిభాగపు అడుగున ఊయల వలె అమరి ఉన్న కండరాల సమూహం. మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని, మలాశయాన్ని మోసేది ఇదే. గర్భం మోసిన నెలలలో, బిడ్డ బయటకు వచ్చే సమయంలో ఇది విపరీతంగా సాగుతుంది. ఇది తిరిగి బిగువు పొందక ముందే పెద్ద బరువు ఎత్తితే, పైనుండి పడే ఒత్తిడికి ఊయల కుంగిపోతుంది. మూత్రం చుక్కలుగా పడడం, గర్భసంచి జారడం ఇందువల్లనే సంభవిస్తాయి. సిజేరియన్ అయిన వారు కూడా 9 నెలలు గర్భం మోసినవారే కనుక వారికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

తల్లికి బలం ఎందుకు?

"బరువులెత్తడం ఆటగాళ్ళకు కావాలి గాని, సంసారపక్షంగా ఉండే ఆడవాళ్ళకెందుకు?" అని కొందరు ప్రశ్నిస్తారు. ఒకసారి లెక్క వేసి చూడండి. పుట్టినప్పుడు సుమారు 3 కిలోలున్న బిడ్డ అయిదవ నెలకు దాదాపు 6 కిలోలు, ఏడాదికి 9 కిలోలు అవుతుంది. ఆ బిడ్డను రోజుకు ఎన్నిసార్లు వంగి ఎత్తుకుంటాము? ఎంతసేపు చంకన వేసుకొని తిరుగుతాము? ఇక ఇంట్లోని బరువులు చూడండి. నిండు నీళ్ళ బిందె సుమారు 15 కిలోలు. బియ్యం బస్తా 25 కిలోలు. 14.2 కిలోల గ్యాసు నింపిన సిలిండరు, దాని ఇనుముతో కలిపి ఇంచుమించు 30 కిలోలు తూగుతుంది.

కావున తల్లి ఎలాగూ బరువులు ఎత్తుతూనే ఉన్నది. శిక్షణతో ఎత్తుతున్నదా, శిక్షణ లేకుండా ఎత్తుతున్నదా అన్నదే ప్రశ్న. క్రమపద్ధతిలో బలం పెంచుకున్న శరీరానికి ఈ బరువులు ఆటంకం కావు. బలం లేని శరీరానికి ఇవే నడుము నొప్పిగా, మెడ నొప్పిగా, మణికట్టు నొప్పిగా పరిణమిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో, ప్రసవానంతరం ఆరోగ్యంగా ఉన్న స్త్రీలు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యరకపు శ్రమ చేయాలనీ, అందులో కండరాలను బలపరచే వ్యాయామాలు కూడా ఉండాలనీ పేర్కొన్నది.

నాలుగు మెట్లు

మొదటి మెట్టు - ప్రసవం నుండి 6 వారాలు: ఇది విశ్రాంతి కాలం. అయినంత మాత్రాన కదలకుండా మంచం పట్టి ఉండరాదు. కదలిక లేకపోతే కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నది. పడుకున్న చోటనే పాదాలను ముందుకు వెనుకకు ఆడించడం, ఇంట్లోనే నెమ్మదిగా నడవడం మొదటి రోజులలోనే ఆరంభించవచ్చు. నొప్పి తగ్గిన తరువాత కటి అడుగు కండరాలను బిగించే అభ్యాసం మొదలుపెట్టాలి. మూత్రాన్ని, అపానవాయువును ఆపుకుంటున్నట్లు ఆ కండరాలను లోపలికి, పైకి బిగించి, 3 నుండి 5 సెకన్లు నిలిపి, అంతసేపూ వదలివేయాలి. ఇలా 8 లేక 10 సార్లు, రోజుకు 3 పూటలు చేయాలి. శ్వాస బిగబట్టరాదు, పిరుదులు, తొడలు బిగించరాదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి అభ్యాసం చేయడం మంచిది కాదు. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కీగల్ 1948లో ఈ అభ్యాసాన్ని గురించి ప్రకటించిన నాటి నుండి ఇది ఆయన పేరుతో ప్రసిద్ధమైనది. యోగాభ్యాసపరులకు మూలబంధం పరిచయమే కనుక ఇది సులభంగా పట్టుబడుతుంది. ఈ 6 వారాలలో బిడ్డకు మించిన బరువు ఎత్తకుండా ఉండడం శ్రేయస్కరం.

రెండవ మెట్టు - 6 నుండి 12 వారాలు: వైద్యుల పరీక్ష ముగిసి, వారి అనుమతి లభించిన తరువాతనే ఈ మెట్టు ఎక్కాలి. ఇక్కడ మన శరీర భారమే మనకు బరువు. కుర్చీ అంచున కూర్చొని చేతుల సాయం లేకుండా లేవడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం, వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి నడుమును పైకెత్తే సేతుబంధాసనం, పడుకొని ఒక్కొక్క మడమను నేలపై జార్చి కాలు చాచడం - ఈ నాలుగూ చాలును. ఒక్కొక్కటి 8 నుండి 10 సార్లు, రెండు ఆవృత్తులు, వారానికి 3 రోజులు, దినం మార్చి దినం చేయాలి. మిగిలిన రోజులలో 20 నుండి 30 నిమిషాల నడక సరిపోతుంది.

మూడవ మెట్టు - 3 నుండి 6 నెలలు: మూత్రం పడడం, క్రింద బరువుగా ఉండడం వంటి బాధలు లేనివారు ఇప్పుడు చేతిలో బరువు పట్టవచ్చు. లీటరు నీటి సీసా ఒక కిలో. రెండు సీసాలతో ఆరంభించి, 2 కిలోలు, 3 కిలోలు, 5 కిలోల డంబెల్స్ వరకు నెమ్మదిగా పోవచ్చు. వీటిని పట్టుకొని గుంజీలు తీయడం, కొంచెం వంగి బరువును పక్కటెముకల వైపు లాగడం, భుజాల ఎత్తుకు లేపడం, నేల మీది సంచిని వీపు వంచకుండా తుంటి వద్ద వంగి పైకెత్తడం అభ్యసించాలి. బలార్ధ నియమాన్ని ఇక్కడ ఇలా అన్వయించుకోవచ్చు. 20 సార్లు ఎత్తగలిగిన బరువును 10 సార్లు మాత్రమే ఎత్తి దించాలి. వరుసగా వారం రోజులు ఏ బాధా లేకుండా చేయగలిగితేనే కొంచెం పెంచాలి. పూర్వం వ్యాయామశాలకు వెళ్ళినవారు కూడా ఇక్కడినుండే ఆరంభించాలి. 40 కిలోలు ఎత్తినవారికి 5 కిలోలు చిన్నతనంగా తోచవచ్చు. కానీ కండరం పాత బలాన్ని త్వరగానే గుర్తు తెచ్చుకుంటుంది. కటి అడుగు కండరాలకు, పొట్ట పొరకు మాత్రం ఎక్కువ వ్యవధి కావాలి.

నాలుగవ మెట్టు - 6 నెలల తరువాత: ఇప్పుడు ఇనుప కడ్డీ పట్టవచ్చు. వ్యాయామశాలలో సాధారణంగా ఉండే పెద్ద కడ్డీయే 20 కిలోలు ఉంటుందని మరువరాదు. కనుక దానికంటె తేలికైన కడ్డీతో ఆరంభించి, శిక్షకుల పర్యవేక్షణలో పెంచుకోవాలి. పరుగు, గెంతులు 12 వారాలకు పూర్వం ఎంతమాత్రం పనికిరావు. ఆ తరువాత కూడా అడుగు కండరాలు గట్టిపడిన వారికే అవి తగును.

అన్ని మెట్లలోనూ ఒక సూత్రం పాటించాలి. బరువు ఎత్తే ముందు అడుగు కండరాలను సున్నితంగా బిగించి, ఎత్తేటప్పుడు శ్వాస వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే ఒత్తిడి అంతా క్రిందికే పోతుంది. బిడ్డను ఎత్తుకునేటప్పుడు కూడా ఈ పద్ధతినే అలవరచుకుంటే, రోజంతా వ్యాయామం చేసినట్లే.

సిజేరియన్ అయినవారికి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి సుమారు 61, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 42 కాన్పులు శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. కనుక ఇది కొద్దిమందికి సంబంధించిన విషయం కాదు. పైచర్మం కుట్లు కొద్ది రోజులలోనే మానినట్లు కనిపించినా, లోపలి పొరలు పూర్తి గట్టిదనం పొందడానికి నెలలు పడుతుంది. వీరు మంచం మీద నుండి నేరుగా లేవక, ప్రక్కకు తిరిగి చేతుల ఆధారంతో లేవాలి. దగ్గేటప్పుడు మెత్తని దిండును కుట్టు మీద అదిమి పట్టుకోవాలి. రెండవ మెట్టుకు 6 వారాలు చాలకపోతే 8 లేక 10 వారాలు ఆగడంలో నష్టమేమీ లేదు. గాయం పూర్తిగా మానేవరకు కుట్టు మీద నూనె మర్దన చేయరాదు.

ఆహారం, అభ్యంగనం

స్నిగ్ధమైన ఆహారం తినే బలవంతులకే వ్యాయామం తగునని శాస్త్రం. ఆకలితో ఉన్న బాలింత వ్యాయామం చేస్తే క్షీణిస్తుంది. పాలిచ్చే తల్లికి తొలి 6 నెలలలో రోజుకు అదనంగా 600 కేలరీలు, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్దేశించింది. కారప్పొడి, చారు అన్నంతో నెలల తరబడి పథ్యం పెట్టే ఇళ్ళలో ఇది అందదు.

మన వంటింట్లోనే దీనికి మార్గాలున్నాయి. తెలగపిండి కూర, మునగాకు వేసిన కందిపప్పు, ఉలవచారు, నువ్వుల ఉండలు, మినపసున్ని, రాగి జావ, పాలు, పెరుగు, అలవాటున్నవారికి గ్రుడ్లు, చేపలు బలవర్ధకాలు. సొంఠి, వాము, వెల్లుల్లి మితంగా వాడితే జీర్ణానికి తోడ్పడతాయి. "నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుంది" అని బాలింతకు నీరు తగ్గించే ఆచారం సరికాదు. పాలిచ్చే తల్లికి నీరు ఎక్కువే కావాలి. కాయం, దశమూలారిష్టం, శతావరి, అశ్వగంధ వంటి ఔషధాలను ఎవరో చెప్పారని కొని వాడక, వైద్యుల సలహాపై మాత్రమే సేవించాలి.

వ్యాయామం లేని రోజులలో గోరువెచ్చని నువ్వుల నూనెతో వీపుకు, కాళ్ళకు, భుజాలకు మర్దన చేసి, 20 నిమిషాల తరువాత వేడినీటి స్నానం చేస్తే కండరాల అలసట తీరుతుంది. మన రెండు రాష్ట్రాలలో సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారని పై సర్వేయే తెలిపింది. కనుక వ్యాయామం ఆరంభించే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. ప్రసవానంతరం 180 దినాలు ఇచ్చే ఇనుము మాత్రలను మానరాదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే స్త్రీకి కావలసినది మొదట రక్తపుష్టి, ఆ తరువాతనే బరువులు.

కొన్ని సందేహాలు

వ్యాయామం చేస్తే పాలు తగ్గుతాయా? తగ్గవు. 1994లో అమెరికాలోని కాలిఫోర్నియా పరిశోధకులు, పాలిచ్చే తల్లులలో కొందరి చేత ప్రసవమైన 6-8 వారాల నుండి మొదలుపెట్టి 12 వారాలపాటు వారానికి 5 రోజులు, రోజుకు 45 నిమిషాలు వ్యాయామం చేయించారు. వ్యాయామం చేయని తల్లులతో పోల్చి చూడగా పాల పరిమాణంలో గాని, బిడ్డ బరువు పెరగడంలో గాని తేడా కనిపించలేదు. బిడ్డకు పాలిచ్చిన తరువాత వ్యాయామం చేస్తే రొమ్ములలో బరువు లేక సుఖంగా ఉంటుంది.

నడికట్టు కడితే పొట్ట తగ్గదా? నడికట్టు తొలి రోజులలో నడుముకు ఆసరా ఇస్తుంది. కానీ కండరాలకు బిగువు వాటి పని వాటి చేత చేయించినప్పుడే వస్తుంది. మరీ బిగించి కడితే ఒత్తిడి క్రిందికి పోయి అడుగు కండరాలకే చేటు.

పడుకొని లేచే బస్కీలు పొట్టను కరిగిస్తాయా? పొట్ట కండరాల మధ్య ఎడం ఉన్నవారికి తొలి నెలలలో అవి హాని చేయవచ్చు. ఎడం తగ్గిందని నిర్ధారించుకున్న తరువాతనే చేయాలి.

రాత్రి నిద్ర లేకపోతే? బిడ్డ రాత్రంతా మేలుకొలిపిన రోజున బరువులు ముట్టవద్దు. కొద్దిసేపు నడిచి, బిడ్డతో పాటు నిద్రించడమే ఆనాటి వ్యాయామం.

ఎప్పుడు ఆగాలి?

తగ్గిన రక్తస్రావం మరల ఎర్రగా కనిపించినా, మూత్రం పడుతున్నా, క్రింద ఏదో జారుతున్నట్లు అనిపించినా, కుట్టు వద్ద నొప్పి, ఎరుపు, చీము ఉన్నా, కళ్ళు తిరిగినా వ్యాయామం వెంటనే ఆపి వైద్యులను సంప్రదించాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం కలిగినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. రెండు వారాలకు మించి దిగులు, ఏడుపు, బిడ్డపై విముఖత ఉంటే అది కూడా వ్యాధియే. దానికీ చికిత్స ఉన్నది.

మన ఆడపడుచులు

శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్సులో మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. 2001లో కుమారుడు జన్మించాడు. 2002 కామన్వెల్తు క్రీడలకు రావాలనుకున్నా తండ్రి మరణం వల్ల రాలేకపోయారు. బిడ్డ పుట్టిన మూడేళ్ళకు, 2004 ఏథెన్సు ఒలింపిక్సులో తిరిగి బరువుల ముందు నిలిచారు. అక్కడ ఆమె పోటీని పూర్తి చేయలేకపోయారు. అయినా తల్లి అయిన తరువాత ఆ వేదిక మీదికి తిరిగి వెళ్ళడమే చిన్న విషయం కాదు. హైదరాబాదుకు చెందిన సానియా మీర్జాకు 2018 అక్టోబరులో కుమారుడు పుట్టాడు. 2020 జనవరిలో హోబర్టు పోటీలో డబుల్స్ గెలిచి ఆమె టెన్నిస్‌కు పునరాగమనం చేశారు. వెంటనే జరిగిన ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో పిక్క గాయంతో ఆట మధ్యలో వైదొలగవలసి వచ్చింది. శిక్షకులు, వైద్యులు వెంట ఉన్న క్రీడాకారిణికే పోటీలోకి రావడానికి ఏడాది దాటింది. ఇంటి పని, ఉద్యోగం, పసిబిడ్డ మధ్య సతమతమయ్యే తల్లి రెండు నెలలలో పూర్వపు శరీరం కావాలని ఆరాటపడడం న్యాయమా?

ఇంటివారి బాధ్యత

వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున బిడ్డను ఎవరైనా ఎత్తుకుంటేనే తల్లికి వ్యాయామం సాధ్యమవుతుంది. ఆ అరగంటను భర్తయో, అత్తగారో, తల్లిగారో కేటాయించాలి. తొలి మూడు నెలలు నీళ్ళ బిందె, బియ్యం బస్తా, సిలిండరు బాలింత చేత ఎత్తించకూడదు. "మా కాలంలో మేము చేయలేదా?" అనే పెద్దలు, ఆ కాలపు బాధలను తాము ఎంతకాలంగా మౌనంగా మోస్తున్నారో ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఆ అత్తాకోడళ్ళ విషయం చెప్పి ముగిస్తాను. కోడలు బరువులు పూర్తిగా ఆపి, మొదటి మెట్టు నుండి తిరిగి ఆరంభించింది. నాలుగు నెలలకు మూత్రం పడడం ఆగింది. అప్పుడు 2 కిలోల డంబెల్స్ పట్టింది. అత్తగారిని స్త్రీవ్యాధి నిపుణురాలి వద్దకు పంపాను. ఆమెకు వ్యాయామం ఒక్కటే చాలలేదు. ఇతర చికిత్స కూడా అవసరమైనది. అయినా అడుగు కండరాల అభ్యాసం ఆమె మానలేదు. మొన్న వచ్చినప్పుడు ఆవిడ నవ్వుతూ, "పూటపూటా ఇద్దరం కలిసే చేస్తున్నామండీ. ముప్పై ఏళ్ళ క్రితం ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!" అన్నారు.

ఈ వ్యాసం చదివిన సోదరీమణులు తమ ఇంటిలోని బాలింతకు ఆ మాట ఇప్పుడే చెప్పగలరని, తమకే ఈ బాధ ఉంటే సిగ్గుపడక వైద్యులకు చెప్పుకోగలరని ఆశిస్తున్నాను.